ముట్టుడిగిన చెయ్యి

"సంచి తీసీసినాక ఎలాగుంటాది అత్తా?"

నా కోడలు ఈశ్వరి ఈ మాట అడిగినప్పుడు తన చేతిలో గుడ్లతో నిండిన చేప ఉంది. పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని పొట్ట చీరి, లోపలి గుడ్ల సంచిని చిట్లకుండా రెండు వేళ్ళతో మెల్లగా బయటికి లాగుతోంది. చిట్లితే గుడ్లన్నీ నీళ్ళపాలవుతాయని తనకి నేర్పింది నేనే. ఏటా సర్కారు సముద్రం మీద వేట ఆపించే రోజులు అవి. మోటారు పడవలన్నీ ఒడ్డున పడి ఉన్నాయి. చిన్న తెప్పల వాళ్ళు తెచ్చిందే చేప, దొరికిందే కూర.

పొయ్యి మీద నూనె కాగిపోతోందని చెప్పి లోపలికి వచ్చేశాను. నూనె ఇంకా పొయ్యనే లేదు.

ఈశ్వరి రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుని, షిఫ్టు అంతా నిలబడే ఉండాలి. బాత్రూంకి వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర టోకెన్ తీసుకోవాలి. చిన్నవాడు పుట్టిన దగ్గర్నుంచి తనకి నెల వస్తే ఆగదు. గుడ్డ మీద గుడ్డ పెట్టుకుని, వాటి మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వెళ్తుంది. సాయంత్రం వచ్చి బూట్లు విప్పితే అడుగున ఎర్రగా ఉంటుంది. మళ్ళీ మళ్ళీ టోకెన్ అడుగుతోందని ఉదయ్‌కుమార్ అనే ఆ సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడట, ఈ లైన్లో సగంమంది తీయించేసుకుని హాయిగా పని చేసుకుంటున్నారు, నీకొక్కదానికే ఏమిటమ్మా అంత ముద్దు, అని. గోపాలపట్నం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చూపిస్తే అక్కడి డాక్టరు, ఇద్దరు పిల్లలున్నారు కదా ఇంక గర్భసంచితో పనేముంది, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ కావచ్చు, అన్నాడు. పడవలు నీళ్ళలో దిగిన తర్వాత వచ్చే గురువారానికి ఆపరేషన్ రాసేశాడు. నా కొడుకు వీర్రాజు సంతకం పెట్టేశాడు. సంచి ఆమెది, సంతకం వాడిది.

నాకు చదువు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో తిరిగే రోజుల్లో గంపతో ఉన్నవాళ్ళని బస్సు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఎక్కడానికి లేని బస్సుల నుదుటి మీద అక్షరాలు చూసి చూసి నేర్చుకున్నాను. సింహాచలం, గాజువాక, పాత పోస్టాఫీసు. నేను మొదట చదివిన మాటలన్నీ ఎవరో ఎక్కడికో వెళ్ళిపోయే మాటలే. తర్వాత దొరికిందల్లా చదివాను. అయినా ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా ముందు వెతికేది అదే, ఇందులో ఎవరు ఎవర్ని వదిలి వెళ్తారో అని. ఇంట్లో ఎవరైనా చెప్పుల్లో కాలు పెడితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను. చూపు తిప్పుకుంటే ఇక తిరిగి రారేమోనని.

ఈశ్వరి అడిగినదానికి జవాబు నా ఒంట్లోనే ఉంది. నాకు ముప్పై దాటిందో లేదో, నాకూ పెద్దాపరేషన్ చేశారు. ఎందుకు చేశారో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. కడుపులో నొప్పి అన్నాను, సంచి తీసేశారు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. వేట మళ్ళీ మొదలయ్యే రోజు పడవని సముద్రంలోకి తోసేముందు దాని ముక్కుకి పసుపు రాయాలి. రాసే చెయ్యి ఆడదాని చెయ్యే కావాలి, మగవాడు రాస్తే గంగమ్మ తల్లి పుచ్చుకోదు. కానీ ఆమె ముట్టుడిగిన మనిషి అయి ఉండాలి. ముట్టున్న ఆడది పడవని తాకకూడదు, వల దాటకూడదు, ఆ రోజుల్లో నీడ పడినా వల ఖాళీగా వస్తుందంటారు. ఆడది కావాలి, ఆడతనం ఉండకూడదు. మా అత్త పోతమ్మ చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు పసుపు గిన్నె ఎవరికి ఇవ్వాలా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. అప్పటికి నా కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అత్త నన్ను పిలిచి గిన్నె చేతిలో పెట్టింది. చిన్న వయసులో పెద్దరికం వచ్చిందని వాడంతా చెప్పుకున్నారు. అంతకుముందు తాకితే మైలపడే పడవ, ఆ రోజు నా చెయ్యి తగలనిదే నీళ్ళలో దిగలేదు. నేనూ సంతోషపడ్డాను, ఎందుకు పడకూడదు? అదే చెయ్యి, అదే మనిషి, మధ్యలో ఒక కోత తప్ప ఏమీ మారలేదు.

మా ఆయన ఒడ్డున అందరిలోనూ నవ్వుతూ, "ఇంక నువ్వు నాతో సమానఁవే. బీడీ కాల్సుకుంటావేటి?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఆ సమానమైన మనిషే ఆయన లుంగీలు ఉతికింది, వీధి కొళాయి దగ్గర బిందె కోసం కాచుకుంది, మిగిలిన గంజి తాగింది. ఒంట్లోంచి నిప్పులు లేచేవి. చలికాలంలో కూడా జాకెట్టు తడిసిపోయేది. ఎముకల్లోంచి ఏదో జారిపోతున్నట్టు ఉండేది. ఇలా అవుతుందని ఎవరూ చెప్పలేదు, అయినాక చెప్పుకుంటే ఎవరూ వినలేదు. మంచం దగ్గర మా ఆయన మొహం తిప్పుకునేవాడు. తర్వాత గుజరాత్ వైపు పడవల్లో పనికి వెళ్ళేవాళ్ళతో కలిసి బయల్దేరాడు. స్టేషన్లో ఆకుపచ్చ రెగ్జిన్ సంచి భుజాన వేసుకుని ఉన్నాడు. మొదట ఏటా వచ్చేవాడు, తర్వాత రావడం మానేశాడు. అక్కడ ఎవరో ఉందని తెలిసి ఫోన్లో అడిగితే ఒకే మాట అన్నాడు. "నీ దగ్గరేటుందని రమ్మంటావ్?"

ఆయనకి నేను ఆడదాన్ని కాకుండా పోయాను. పొయ్యికి మాత్రం ఆడదాన్నే. ఆ రెండింటి మధ్య నేనెవరినో తేల్చుకోవడానికే ఇన్నేళ్ళుగా కనపడిన కాగితమల్లా చదువుతున్నానేమో.

మా బావగారు అర్జునరావు మనవరాలు ధనశ్రీ రుషికొండ వైపు కాలేజీలో చదువుతోంది. పడవలో ఆయనకీ మా వీర్రాజుకీ చెరిసగం కాబట్టి రెండిళ్ళూ ఒకటే. ధనశ్రీ నాకోసం లైబ్రరీ పుస్తకాలు తెస్తుంది. ఒకరోజు పెరట్లో కూర్చుని, ఆడా మగా అనేది పుట్టుకతో వచ్చేది కాదట మామ్మా, చిన్నప్పట్నుంచి అందరూ కలిసి మన మీద వేసే వేషమట, అని చెప్పింది. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. పేపర్లో చదివిన సంగతి ఒకటి నేనూ చెప్పాను. పండుగప్ప చేప మగదిగా పుట్టి, పెద్దయ్యాక ఆడదవుతుందట. అయినా దాన్ని ఎవరూ ముట్టంటూ ఇంటి వెనక కూర్చోబెట్టరు.

ఈశ్వరి దండెం మీద గుడ్డలు ఆరేస్తోంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి పడకుండా, వాటిమీద పాత చీర కప్పుతోంది. ముట్టు గుడ్డలు మగవాళ్ళ కంట పడకూడదు కాబట్టి ఆ చీర ఎలాగూ కప్పాలి.

"ఏసఁవైతే ఇప్పీమనే పిల్లా మీ కాలేజీవోళ్ళని. డూటీకెళ్ళాల, లేటైపోతన్నాది" అంది, వెనక్కి తిరగకుండానే.

ధనశ్రీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు నేను ఉన్నదున్నట్టు చెప్పాను ఈశ్వరికి. ఒంట్లో లేచే నిప్పుల సంగతి, గుల్లబారిన ఎముకల సంగతి, మొహం తిప్పుకున్న మగాడి సంగతి. ఏదీ దాచలేదు. తను కళ్ళార్పకుండా విని, ఇంకోచోట చూపించుకోవడానికి సరేనంది. ఇద్దరం పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఒక లేడీ డాక్టరు ఓపిగ్గా చూసింది. స్కానింగులో భయపడాల్సిందేమీ లేదని, ఈ వయసులో సంచి తీయడం మంచిది కాదని, మందులతో తగ్గే అవకాశం ఉందని, కొన్ని నెలలు వాడుతూ చూపించుకోవాలని, ముఖ్యంగా ఐసులో నిలబడే పని ఆపి విశ్రాంతి తీసుకోవాలని చెప్పింది. నా గుండె మీద బరువు దిగింది. బస్సులో వస్తూ ఈశ్వరి కిటికీలోంచి బయటికే చూసింది.

"ఆవిడ మంచిదే అత్తా" అంది. "గానీ నన్ను ఇస్రాంతిలో ఎట్టి ఎవులు మేపుతారు? కొన్ని నెలలని ఎంత తేలిగ్గా అనీసినాదో."

వీర్రాజుకి చెప్పాను ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. వాడు చెడ్డవాడు కాదు, పెళ్ళాం మీద చెయ్యి ఎత్తినవాడు కాదు. డాక్టర్లు తలో మాట చెప్తారనీ, నీకు తీసినా నువ్వు బాగానే ఉన్నావు కదా అనీ అన్నాడు. బాగానే ఉన్నాను. నాలుగు మెతుకులు తిని, అందరికంటే ముందు లేచి తిరుగుతున్న మనిషిని బాగాలేదని ఎవరు అనుకుంటారు?

వేట మొదలయ్యే ముందురోజు బావగారు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, లోపల గిన్నెలు తోముతున్న ఈశ్వరికి కూడా వినపడేలా చెప్పారు.

"కాసులమ్మకి మోకాళ్ళు పని సెయ్యట్నేదు. ఇసకలో దిగలేకపోతంది. వొచ్చీ ఏడు నుంచి పడవకి పసుపు ఈశ్వరే రాస్తాది. ఎలాగూ ఆపరేసన్ అయిపోద్ది గదా."

కాసులమ్మ అంటే నేనే. లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆ ఆగిన క్షణంలో మా అత్త మంచం, ఆ గిన్నె, పచ్చికుట్ల మీద పడిన నా సంతోషం అన్నీ నాకు కనిపించాయి. కోత కోసినవాడు వేరు, కంపెనీవాడు వేరు, గంగమ్మ వేరు. కానీ అందరికీ సరిపోయేలా తయారవుతోంది నా కోడలు.

తెల్లారి అందరం ఒడ్డుకి వెళ్ళాం. కొబ్బరికాయలు, అగరొత్తులు, కొత్త రంగు వేసిన పడవలు. వాడ వాడంతా అక్కడే ఉంది. పడవ ముక్కు దగ్గర వల కుప్పగా పోసి ఉంది. ఈశ్వరి పసుపు గిన్నె తెచ్చి, పడవకి దూరంగా ఆగి, చెయ్యి చాచి నాకు అందించింది. తనకి ఆ రోజుకీ నెత్తురు ఆగలేదు, గిన్నె తేవచ్చు గానీ పడవ దగ్గరికి ఇంకా రాకూడదు. మొహం పాలిపోయి ఉంది. బావగారు కాయ పట్టుకుని నిలబడ్డారు. నేను పసుపులో వేళ్ళు ముంచాను. ముంచిన వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత అన్న మాట నేను ముందుగా అనుకున్నది కాదు.

"నాను తాకను బావా. ముట్టయినాను."

ఎవరో నవ్వారు. బావగారు నవ్వలేదు. ఆయన చూపు నా తల మీది తెల్లజుట్టు నుంచి కాళ్ళదాకా పోయింది.

"మతి గాని పోనాదేటి నీకు? నీకు సంచే నేదు గదా."

"నేదు. అయినా అయినాను."

అప్పుడు జరిగినది నేను చచ్చేదాకా మరిచిపోను. బావగారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన వెనకున్న మగవాళ్ళు కూడా జరిగారు. వాళ్ళలో ఒకడు నా పాదాలకి దగ్గరగా ఉన్న వలని గబుక్కున లాగేశాడు. నా కడుపులో ఏమీ లేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కానీ మాట చాలింది. నేను ఆశగా నా కొడుకు వైపు చూశాను, వాడైనా అమ్మా ఏమిటిదని నా దగ్గరికి వస్తాడేమోనని.

"అమ్మా, పక్కకి జరుగు. పడవ మీద నీడ పడతన్నాది" అన్నాడు వీర్రాజు.

నేను జరిగాను. వాళ్ళ భయం నా సంచిలో లేదు, ఏ ఆడదాని సంచిలోనూ ఎప్పుడూ లేదు. అది వాళ్ళ దగ్గరే ఉంది, కావలసినప్పుడు తీసి మా మీద కప్పుతారు. ధనశ్రీ చెప్పింది నిజమే. ఇన్నేళ్ళ చదువులో తేలనిది ఒక్క అబద్ధంతో తేలిపోయింది. ఏదో గెలిచినట్టు అనిపించింది. అంతే, ఆ గెలుపు ఒక అల వచ్చి పోయేంతసేపు కూడా నిలవలేదు. పక్క సందులోంచి ముసలి పాపాయమ్మని పిలుచుకొచ్చారు. ఆమె పడవ ముక్కుకి పసుపు రాసింది. కాయ కొట్టారు. పడవ నీళ్ళలోకి వెళ్ళిపోయింది, వెళ్ళేవాటన్నిటిలాగే వెనక్కి చూడకుండా. నా వేళ్ళకి అంటిన పసుపు ఆరిపోయింది.

ఇంటికి వచ్చే దారిలో ఈశ్వరి నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఐసు ఫ్యాక్టరీ మలుపులో గోడకి ఆనుకుని ఆగింది. కళ్ళు తిరిగాయేమో అనుకున్నాను.

"అబద్దఁవాడినావని నాకు తెలుసు అత్తా" అంది. "ఆళ్ళు ఎనక్కి జరగడం సూస్తే నవ్వొచ్చినాది. నాకోసఁవే అన్నావని కూడా తెలుసు. గానీ నీది అబద్దం, నాది నిజం. నా కాళ్ళమ్మట కారతన్నాది నిజఁవైన నెత్తురు. దాన్నేటి సెయ్యమంటావ్?"

చదివిన పుస్తకాల్లో దేన్ని తెరిచినా ఆ గోడ దగ్గర నిలబడ్డ మనిషికి చెప్పదగ్గ మాట లేదు. వేషం వాళ్ళది, నెత్తురు మాది. వేషం తీసేసినా నెత్తురు ఉంటుంది, నెత్తురు తీసేసినా వేషం ఉంటుంది. అందులో ఏది ముందో కనుక్కోవడం తీరికున్నవాళ్ళ పని. ఈశ్వరికి గురువారం దగ్గరపడుతోంది.

వెళ్ళాం. గురువారం పొద్దున వీర్రాజు ఇంకా సముద్రం మీదే ఉన్నాడు, పడవ సాయంత్రానికి గానీ రాదు. పిల్లల్ని బావగారింట్లో, ధనశ్రీ దగ్గర వదిలాం. చిన్న ఆసుపత్రి, బల్లలు కూడా సరిగ్గా లేవు. ఒంటి మీద ఏమీ ఉండకూడదని నర్సు చెప్తే, ఈశ్వరి గాజులు తీసింది. మెట్టెలు రాకపోతే సబ్బు రాసి లాగాను. పసుపుతాడు దగ్గర మాత్రం తన చెయ్యి ఆగింది. నేనే తల మీదుగా తీశాను. అన్నీ నా కొంగుకి మూటకట్టాను. ఆడదని చెప్పేవన్నీ బయట నా కొంగులో ఉన్నాయి, ఆడదని చెప్పేది ఒకటి లోపల తీయబోతున్నారు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుని, జడ లేకుండా, బొట్టు లేకుండా నిలబడ్డ ఆ పిల్లని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. భయమేసిందా అని అడిగితే లేదంది. తలుపు మూసుకునేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది. నా జీవితంలో వెళ్ళిపోయినవాళ్ళలో వెనక్కి తిరిగి చూసింది తనొక్కతే.

చాలాసేపటికి నర్సు వచ్చి నన్ను పిలిచింది. తీసినదాన్ని ఇంటివాళ్ళకి చూపించాలట. స్టీలు పళ్ళెంలో పిడికిలంత ఉంది, ఎర్రగా, ఇంకా తడిగా. నేను దగ్గరికి వంగి చూశాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పొట్టలు చీరిన చేతులు ఇవి. ఏ చేప లోపల ఏముంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాను. కొళాయి దగ్గర బిందె ఇందులో ఎక్కడుందా అని చూశాను. అందరూ తిన్నాక అడుగున మిగిలిన గంజి ఎక్కడుందా అని, ముట్టు రోజుల్లో చూరు కింద ఒదిగి కూర్చునే అలవాటు ఎక్కడుందా అని. కండ, నెత్తురు. ఇద్దరు పిల్లల్ని మోసిన చోటు, అంతే. నర్సు, చాలా అమ్మా, అని పళ్ళెం తీసుకుపోయింది.

పొద్దు వాలాక ఈశ్వరి కళ్ళు తెరిచింది. పెదవులు ఎండిపోయి ఉంటే తడిగుడ్డతో అద్దాను. నుదురు చల్లగా ఉంది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"తీసీసినారా?"

"తీసీసినారు."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మళ్ళీ పెదవులు కదిలాయి. వినపడక చెవి దగ్గర పెట్టాను.

"పడవ ఒచ్చీ ఏళయింది గదా. ఆళ్ళకేటి వొండినావు?"

"ఏటీ వొండనేదు. ఈయేళ మనింట్లో పొయ్యి ఎలిగించనేదు. పడుకో."

ఈశ్వరి కళ్ళు తెరిచి నా వైపు చూసింది. థియేటర్ తలుపు దగ్గర కూడా లేని భయం అప్పుడు కనిపించింది ఆ కళ్ళలో. ఒక చేత్తో కుట్లు అదిమిపట్టుకుని, రెండో చేత్తో మంచం అంచు పట్టుకుని, లేవబోయింది.